రెండు ముక్కల కీబోర్డు మీద మా టైపు సార్

మా టైపు సార్ పోయారని ఆలూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఒక ఉత్తరం కొడుతున్నాను. ఫోన్ పెట్టేశాక మిగిలిన రెండు వాక్యాలూ పూర్తిచేసే లేచాను. కాగితం సగంలో వదిలి లేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లకు కాలం చెల్లాక, తహసీల్దారు ఆఫీసు ఎదుట కంప్యూటర్ పెట్టుకుని అర్జీలు కొట్టేవారు. "కండ్లు కాగితం మీద, వేళ్లు వాటి ఇండ్లల్లో" అనేది ఆయన పాఠం. ఏ అక్షరం ఏ వేలిదో ఆ వేలే కొట్టాలి. బి అక్షరం ఎడమ చూపుడు వేలిది. నేను దాన్ని కుడి వేలితో కొడుతున్నానని ఆర్నెల్లు పరీక్షకు పంపలేదు.

పోయిన ఏడాది ఆయన కుడి మణికట్టు పట్టేసింది. చేతులు లోపలికి వంచి కొట్టొద్దన్నాడు డాక్టరు. ఇంక దుకాణం మూసేస్తానన్నారు సార్. నా దగ్గర కొత్త రకం కీబోర్డు ఒకటి ఉండేది. రెండు ముక్కలు, మధ్యలో వైరు, ఏ చేతి ముక్క ఆ చేతిది. దాని మీద నా చేతులు వేరుపడిన అన్నదమ్ముల మాదిరి అయిపోతే, వారం వాడి మూలన పడేశాను. దాన్నే తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏమప్పా, విరగ్గొట్టి తెచ్చినావా?"

"లేదు సార్, చేసిందే అట్ల."

అర్జీ కోసం కూర్చున్న రైతు వంగి చూశాడు. "మధ్యలో సందుండాదే సారూ! నా పేరు దాంట్లో పడిపోతే?"

"పడితే ఏరి పెడతాలే, ఉండు."

సార్ ముక్కలను దగ్గరికి, దూరానికి జరిపి చూశారు. తిరగేసి అడుగు చూశారు. మీటలు ఒక్కొక్కటే నొక్కి చెవి పెట్టి విన్నారు. "శానా మెత్తగుండాదప్పా. వేలికి ఎదురు చెప్పేది లేదు" అన్నారు. కొట్టడం మొదలుపెట్టారు. మణికట్టు నొప్పి లేదు. కానీ బి రాలేదు.

"దీంట్లో బి పనిచేయదప్పా."

నేను నొక్కితే వచ్చింది. ఆయన మళ్లీ కొట్టారు. కుడి వేలు సందులో బల్ల మీద టక్కుమంది. బి ఎడమ ముక్క మీద ఉంది.

సార్ ఆ వేలిని వేరెవరిదో అయినట్టు తిప్పి తిప్పి చూశారు. "ఇది యాపొద్దు దారి తప్పిందో! ఒక్కనాడన్నా చూసుకోలేదే." నావైపు తిరిగారు. "నిన్ను ఆపింది దీనికే గదా?"

"అవును సార్."

సార్ సొరుగులోంచి చెక్క స్కేలు తీసి నా చేతికిచ్చారు. "ఈడ కూర్చో. తప్పు పోతే బల్ల మీద కొట్టు. ఇది నేర్చుకోకుంటే దుకాణం లేదు నాకు."

ఆ సాయంత్రం నేను బల్లను చాలాసార్లు కొట్టాను. రైతయితే నాకంటే ముందే "సారూ, మళ్ల పాయ!" అని అరిచేవాడు. సార్ నవ్వి మొదటి నుంచి అందుకునేవారు. తర్వాత నెలరోజులూ పొద్దున్నే వచ్చి, కొత్తగా చేరిన పిల్లలు కొట్టే వరసలే కొట్టుకున్నారట.

దుకాణం మూతపడలేదు. నేను చివరిసారి పోయినప్పుడు ముక్కలు రెండూ మూరెడు ఎడంగా ఉన్నాయి. కంప్యూటర్ తెరను పక్కకు జరిపేశారు. "ఇట్లయితే మనిషి అడ్డం లేకుండా కనపడతాండాడప్పా" అన్నారు. పింఛను ఆగిపోయిన ముసలామె ఒకామె ఎదురుగా కూర్చుని, ఆ సందులో మోచేతులు ఆనించి తన గోడు చెబుతోంది. సార్ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె మోచేతులకు అటొకటి ఇటొకటి, ఆయన చేతులు కదులుతున్నాయి.