జాసూస్ సాబ్ అడుగుతడు

మా ఎదురింటి ఇనుప గేటుకు ఈ మధ్యే కొత్త గొళ్ళెం పెట్టించారు. మొయినాబాద్‌లో మేముండే వీధి పొద్దున పూట ఇంకా నెమ్మదిగానే ఉంటుంది. పాలాయన ఆ గొళ్ళెం లేపి వదిలితే టంగుమని ఒక చప్పుడు వచ్చి, దాని వెనుకే సన్నటి గలగల వినిపిస్తుంది. ఆ వేళకు నేను దేవుడి ముందు వత్తి సరిచేస్తూ ఉంటాను. చప్పుడు వినగానే చెయ్యి ఆగిపోతుంది. చేవెళ్ళలో మా టీచరమ్మ గేటుకు అచ్చం ఇలాంటి గొళ్ళెమే ఉండేది.

నేను బడికి పోయి చదివింది తక్కువ. చిన్నప్పటి నుంచి ఆయాసం. దుమ్ము తగిలితే చాలు, ఊపిరి గొంతులోనే ఆగేది. ఐదో తరగతి తర్వాత బాపు బడి మాన్పించాడు. పక్కింట్లో ఒక్కతే ఉండే టీచరమ్మ అప్పటికే రిటైరైంది. పిల్ల బడికి రాలేకపోతే బడే పిల్ల దగ్గరికి వస్తుందని ఆమె మా అవ్వతో అన్నదట. దేవుడు నాకు ఊపిరి కొంచెం తక్కువ పోసి, ఆ లోటుకు ఒక గురువును ఇచ్చాడని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

రోజూ పాఠం అయ్యాక ఒక ఆట ఉండేది. బాపు పాత గొడుగు చేతికర్రలా పట్టుకుని నేను ఆమె ఇంటి అరుగు మీద కూర్చుంటే జాసూస్ సాబ్‌ను, అంటే డిటెక్టివ్‌ను. టీచరమ్మ బయటికి పోయి, గొళ్ళెం చప్పుడు చేసి, ఎవరో ఒకరై లోపలికి వచ్చేది. ఆమె నడక, చేతులు, చీర అంచు చూసి ఆ వచ్చింది ఎవరో, ఏ పని మీద వచ్చారో నేను కనిపెట్టాలి. ఇద్దరికీ ఒకటే కట్టుబాటు. ఒకరు ఆటలో పెట్టినదాన్ని రెండోవారు కాదనకూడదు. దాన్ని పట్టుకునే కథ ముందుకు పోవాలి.

"ఎవరమ్మా నువ్వు?" అని గొడుగు నేలకు కొట్టి అడిగేదాన్ని.

"మీరే చెప్పాలె సాబ్. పేరు మోసిన జాసూసు గద."

"వేళ్ళ కొనలు నాని ముడుతలు పడ్డయి. అంగడికి పంపే క్యారెట్ నీళ్ళ తొట్టిల కడిగి వస్తున్నవ్. చెప్పులు విడువలే, అంటె తొందరల ఉన్నవ్, ఇంట్ల చంటిపిల్లను పండవెట్టి వచ్చినవ్."

నేనా మాట అనేదాకా ఆ కథలో చంటిపిల్ల లేదు. అన్న క్షణం నుంచి టీచరమ్మ ఒక చెవి గేటు వైపే పెట్టి, పిల్ల ఏడుపు వినిపిస్తుందేమోనన్నట్టు కూర్చునేది. ఇద్దరం కలిసి అట్లా ఎందరిని పుట్టించామో లెక్కలేదు. బయట తిరగలేని నాకు ఊరు ఊరంతా ఆ అరుగు మీదికే వచ్చేది.

ఒకసారి నిజం మనిషే వచ్చాడు. పొలాల కోసం పట్నం నుంచి తెల్ల అంగీలవాళ్ళు తిరగడం మొదలైన రోజులవి. మోకిల దిక్కు, శంకర్‌పల్లి దిక్కు ఎక్కడ చూసినా ప్లాట్ల ముచ్చటే. స్కూటర్ దిగిన ఆ మనిషిదీ తెల్ల అంగే. ప్యాంటు అంచుకు ఎర్రమన్ను, చంకలో కాగితంలో చుట్టిన పొడుగాటి చుట్ట. టీచరమ్మ నా వైపు చూసి కన్నుగీటింది. అతను నోరు తెరవక ముందే, తమ దగ్గర అమ్మే జాగ లేదనీ, మ్యాపు విప్పే తక్లీఫ్ తీసుకోవద్దనీ చెప్పేసింది. అతను బిత్తరపోయి చుట్ట విప్పాడు. అది ఎక్స్‌రే.

"మా బాపుదమ్మా. పొలంల పడి కాలు ఇరిగింది. కట్టు కట్టేటాయన ఇల్లు యాడనో అడుగుదామని ఆగిన."

టీచరమ్మ ముఖం చిన్నబోయింది. నా చేత మంచినీళ్ళు ఇప్పించి, తానే మూలమలుపు దాకా పోయి ఇల్లు చూపించి వచ్చింది. వచ్చాక గొడుగు తీసుకుని నా పక్కన కూర్చుంది.

"అంగి తెల్లగున్నది నిజమే. మన్ను నిజమే, చుట్ట నిజమే. అన్ని నిజాలు కూడి అబద్ధమైంది జూడు బిడ్డా. ఇప్పటి సంది జాసూస్ సాబ్ చెప్పడు. అడుగుతడు."

ఆ రోజుతో ఆట మారింది. చూసింది చూసినట్టు మొహం మీద అనకూడదు. ఎదుటి మనిషి తన నోటితో తానే చెప్పుకునేలా అడగాలి. నాకది మొదట్లో చప్పగా తోచింది.

పదో తరగతి పరీక్ష నేను ప్రైవేటుగా రాయవలసిన ఏడు, టీచరమ్మలో కొన్ని చిన్న మార్పులు నా కంట పడ్డాయి. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు అంచు లోపల వేలు పెట్టి ఉంచేది. దీపం వెలిగించాక వేలి కొన మీద మసి మరక ఉండేది. పాఠం నోటికి వచ్చు కనుక చదువుతూనే పోయేది గాని, పేజీ తిప్పడం మరిచేది. చూపు పోతోందని నాకు అర్థమైంది. ఎందుకు దాస్తోందో కూడా అర్థమైంది. అడగబోతే పాఠంలోకి మళ్ళించేది.

ఒక సాయంత్రం గొడుగు ఆమె చేతిలో పెట్టి, ఈ పూట వచ్చేది నేనని చెప్పాను. బయటికి పోయి గొళ్ళెం చప్పుడు చేశాను. గోడ తడుముకుంటూ వచ్చి, అరచేత్తో అరుగు అంచు వెతుక్కుని కూర్చున్నాను. గ్లాసు అంచు లోపల వేలు పెట్టి నీళ్ళు పోసుకున్నాను.

ఆటలో పెట్టినదాన్ని కాదనే వీలు టీచరమ్మకు లేదు. జాసూసు కనుక చెప్పే వీలూ లేదు. అడగాలి.

"ఎవరమ్మా నువ్వు?"

"టీచర్ను సాబ్."

"మరి దవాఖానకు ఎందుకు పోలే?"

"నా దగ్గర ఒక పిల్ల సదువుతున్నది. పరీక్ష దగ్గరికొచ్చింది. కండ్ల సంగతి తెలిస్తె మా తమ్ముడు శంకర్‌పల్లికి తీస్కపోతడు. పిల్ల ఆగమైతది."

గొడుగు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆ పిల్ల ఏమంటున్నది?"

"పరీక్ష వచ్చే ఏడు గూడ వస్తది, కండ్లు మళ్ళ రావు అంటున్నది."

ఆమె గొడుగు మెల్లగా పక్కన పెట్టింది. "జర మీ బాపును పిలువు బిడ్డా" అన్నది.

పట్నంలో డాక్టరు ఒక కంటికి ఆలస్యమైందన్నాడు, రెండోది దక్కుతుందన్నాడు. ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పేది శనివారం. ఆమె చూపు నిలవాలని ఆ రోజు నేను మొక్కుకుని ఉపవాసం ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు. కట్టు తీశారు. ఆమె కాసేపు వెలుతురుకు అలవాటు పడి, గోడకు ఆనుకుని నిలబడ్డ నన్ను చూసింది. ఎండిన పెదవులు చూసింది, నుదుట గుడి కుంకుమ చూసింది. అన్నీ చదివేసిందని నాకు తెలిసింది. అయినా ఒక్క మాటే అడిగింది.

"పొద్దుగాల్నించి ఏమన్న తిన్నవా బిడ్డా?"

ఆయాసం వచ్చినప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

ఆ ఏడు పరీక్ష రాయలేదు. శంకర్‌పల్లిలో తమ్ముడి ఇంట్లో ఆమె కోలుకుంటుంటే బాపు వారానికోసారి నన్ను బస్సులో తీసుకుపోయేవాడు. మరుసటి ఏడు రాశాను, పాసయ్యాను. మిగిలిన ఆ ఒక్క కంటితోనే ఆమె నా పెళ్ళి చూసింది, నా బిడ్డను ఎత్తుకుంది. ఇప్పుడు ఆమె లేదు. గొడుగు మాత్రం మా దేవుడి గూటి పక్కన కొయ్యకు వేలాడుతోంది.

నిన్న సాయంత్రం మా గేటు గొళ్ళెం ఎప్పటిలా టక్కున కాకుండా మెల్లగా పడింది. నా బిడ్డ బడి నుంచి వచ్చింది. సంచి కొయ్యకు తగిలించకుండా నేల మీద వదిలింది. జడలో రోజూ ఉండే రిబ్బను లేదు. కళ్ళు ఇప్పుడే కడుక్కున్నట్టున్నాయి. ఏం జరిగి ఉంటుందో సగం కథ నా నాలుక మీదికి వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపమని దేవుణ్ణి వేడుకుని, గ్లాసు నీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను.

"ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగాను.