రాజేశం మామ పల్లీ పాలు

నిన్న పొద్దున సూరత్ పాండేసరలో మిల్లు గేటు ముందు బండి ఆపుతుంటే ఇంటి నుంచి ఫోన్. మా పై అంతస్తు రాజేశం మామ నిద్రలోనే పోయాడని.

నమ్మలేదు.

మొన్న సాయంత్రమే మెట్ల మీద నన్ను ఆపి కీరా జ్యూస్ తాగించాడు. "మొఖం గిట్ల గుంజుకపోయిందేంది అల్లుడా" అని తిట్టాడు కూడా. అంత బాగున్న మనిషి. హార్ట్ ఎటాక్ అన్నారు డాక్టర్.

అమ్రోలిలో మా బిల్డింగ్ వాళ్లకు మామ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి, జీవితమంతా మరమగ్గాల మీద పాలిస్టర్ చీరలు నేశాడు. మంచినీళ్లకు తప్ప వంటగదిలో కాలు పెట్టి ఎరగడు.

సెకండ్ వేవ్‌లో ఆయన భార్య భూలక్ష్మి అత్తకు కరోనా వచ్చింది. నెగెటివ్ అయ్యి ఇంటికి తెచ్చాక కూడా ముద్ద దిగదు. వాసన లేదు, రుచి లేదు. మనిషి చిక్కి సగమైంది. మామ కళ్లల్లో భయం చూడటం నాకు అదే ఫస్ట్ టైమ్.

ఏదైనా పలచగా, కొంచెం కొంచెంగా తాగించమన్నారు డాక్టర్. మగ్గాలు ఎలాగూ బంద్. మామ ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని మిక్సీ ముందు కూర్చున్నాడు.

మొదటి ప్రయోగం కాకరకాయ జ్యూస్!

అత్తకు రుచి తెలియదు కదా అని ఆయన ధైర్యం. అత్తకు సరిగ్గా ఆ గుక్కతోనే రుచి తిరిగొచ్చింది.

"నన్ను సంపుతవా ఏంది!" అన్న కేక కింద మా ఇంటిదాకా వినపడింది.

మామ మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చాడు. "అరిసింది అల్లుడా! మీ అత్త అరిసింది!"

తిట్లు తిని అంత సంబరపడ్డ మొగుణ్ని నేనింకా చూడలేదు.

తర్వాత బాదం పాల వీడియో చూశాడు. ఇంట్లో పల్లీలున్నాయి కదా అని అవే నానబెట్టి రుబ్బాడు. వడకట్టడానికి తన మగ్గం మీద నేసిన కొత్త పాలిస్టర్ గుడ్డ తీశాడు. పోసిన పాలు పోసినట్టే నిలబడ్డాయి. చుక్క దిగదు. నేను గట్టిగా పిండితే జారిపోయి గోడంతా పల్లీ పిండి.

మామకు కోపం వస్తే ఒట్టు. గుడ్డను వెలుతురుకు పట్టి చూపించాడు. "సూసినవా నా నేత! పాలు గూడ దాటలే!"

అత్త మంచం మీద నుంచే అంది, "బీరువల నీ పెండ్లి కండువ ఉన్నది. నూలుది. దాన్ని చింపు."

మామ వాళ్ల నాయిన చేతిమగ్గం మీద నేసిన కండువా అది. ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు మాత్రం తనే చింపేశాడు.

పాలు దిగాయి. అత్త గ్లాసు ఖాళీ చేసింది.

ఇక బీట్‌రూట్, క్యారెట్, సొరకాయ... బిల్డింగ్ మొత్తం బలి. గడప ముందు స్టీల్ గ్లాసు పెట్టి, బెల్ కొట్టి, మాస్కుతో దూరంగా నిలబడేవాడు. తాగితే గానీ కదలడు. ఎదురింటి గుజరాతీ ఆంటీ తలుపు తీయకుండానే "కాకా, ఆజే నహీ!" అని, ఇవాళ్టికి వదిలేయమని బతిమాలేది.

అత్త కోలుకుంది డాక్టర్ మందులతోనే. మామను అడిగితే మాత్రం క్రెడిట్ అంతా బీట్‌రూట్‌దే.

నిన్నటి నుంచి అత్త ఏమీ ముట్టలేదు. ఎవరు ఏం తెచ్చినా వద్దంటోంది. నాకు మళ్లీ ఆ సెకండ్ వేవ్ రోజులే గుర్తొచ్చి భయమేసింది.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. పల్లీ పాలకు పొయ్యి అక్కర్లేదు కదా.

రాత్రి నానబెట్టిన పల్లీలతో ఈ పొద్దున పైకి వెళ్లాను. బాల్కనీ తీగ మీద ఆ కండువా ముక్క ఆరేసి ఉంది. మామ ఉతికి ఆరేసిందే. దాంతోనే వడకట్టి ఇచ్చాను.

అత్త గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది.

"నీళ్లెక్కువైనయ్ అల్లుడా. మీ మామైతే చిక్కగ జేస్తుండె."

అని, మొత్తం తాగేసింది.

మామా, అక్కడ ఎవరికైనా కాకరకాయ జ్యూస్ పోసే ముందు ఒక్కసారి అడుగు.

ఇక్కడ గ్లాసు ఖాళీ అయింది. నువ్వు నిశ్చింతగా పడుకో.