నీళ్ళ ట్యాంకుకి కాస్త పైన

అదే చెబుతున్నా, మధ్యలో కుక్కరు కూత వేసి మాట మరిపించింది. ఏడో తరగతి పిల్లల్ని బడి మేడ మీదికి తీసుకెళ్ళి, ఆకాశాన్ని పిడికిళ్ళతో కొలిపించేదాన్నన్న దగ్గర కదూ ఆపాను? చెయ్యి చాచి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసుకుని చూస్తే ఒక్కో పిడికిలి ఇంచుమించు పది డిగ్రీలు. ఎదురింటావిడ మా మేడ వైపు చూసి, నేను పిల్లలకి గుద్దులాట నేర్పుతున్నానని హెడ్మాస్టరుకి చెప్పింది కూడా.

ఆ పిల్లల్లో ఒకడికి గంట కొట్టినా చెయ్యి దిగేది కాదు. కరెంటు స్తంభం, బడి గంట, నా కొప్పు, ఏదీ వదలకుండా కొలిచేవాడు. తండ్రి లేడు. తల్లి బట్టలు కుట్టేది, ఆవిడ మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుండేది. కొలతల పిచ్చి అక్కడిదేనేమో. బడి మొత్తం వాణ్ణి పిడికిలి అనే పిలిచింది. నలభై దాటాక కూడా వాడు నాకు పిడికిలే.

పెద్దయ్యాక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. మూడేళ్ళ కిందట, ఆకాశంలో వింత వెలుగులు చూశామని జనం రాసే ఉత్తరాలన్నీ పరిశీలించడానికి ప్రభుత్వం శాస్త్రవేత్తలతో ఒక కమిటీ వేసింది. వీణ్ణి తీసుకెళ్ళి అందులో పడేశారు.

"ఎగిరే పళ్ళేల ఆఫీసులో వేశారు టీచర్ నన్ను," అన్నాడు వచ్చి.

"పళ్ళేల్లో ఏమన్నా వడ్డిస్తార్రా?"

"కాగితాలు వడ్డిస్తారు. తిన్నవాళ్ళకి తిన్నంత."

వాతావరణ శాఖ వెనక రెండు గదులు. ఒక గోడ మీద నక్షత్రాల పటం, ఇంకో గోడ మీద విమానాలు వచ్చిపోయే వేళలు. బల్ల మీద నాలుగు ముద్రలు: గ్రహం, విమానం, బెలూను, వివరాలు చాలవు. శాస్త్రవేత్తలు వారానికి రెండు రోజులే వచ్చేవారు. ఉత్తరాలు మాత్రం బస్తాల్లో వచ్చిపడేవి. అప్పుడు మనవాడే ఒక ఉపాయం చెప్పాడు. ఒక ఫారం అచ్చు వేయించి పోస్టాఫీసుల్లో పెడదాం, "దిగంతానికి ఎన్ని పిడికిళ్ళ ఎత్తున కనబడింది?" అని అందులో ఒక గడి ఉంచుదాం, ఆ గడి ఖాళీగా వస్తే పెద్దవాళ్ళదాకా పంపక్కర్లేదు, నేనే ముద్ర వేసేస్తాను, అన్నాడు. వాళ్ళు భుజం తట్టారు. వీడు బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"మీ పాఠం ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది టీచర్."

ఆ ఫారం వీధి వీధంతా తిప్పి చూపించాను. మా ఆయన అయితే, "ఇంక నిన్ను పట్టలేం," అన్నారు.

నిన్న మధ్యాహ్నం పిడికిలి మళ్ళీ వచ్చాడు. చేతిలో డబ్బా లేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడే గానీ తాగలేదు.

కమిటీ పని అయిపోయింది. చివరి లెక్క కోసం, గడి ఖాళీగా వచ్చిన ఫారాల కట్ట విప్పాడట. రెండు వందల పద్నాలుగు. వాటిలో ఒకటి, ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ రాసింది. "సాయంత్రం దీపాలు పెట్టే వేళ సముద్రం వైపు ఎర్ర వెలుగులు మూడు, ఒకదాని తరవాత ఒకటి లేచి మెల్లగా దిగాయి. మా ఇస్త్రీ గది కిటికీలోంచి చూస్తే ఎదురు నీళ్ళ ట్యాంకుకి కాస్త పైన, ఎడమ పక్క." కింద వీడి ముద్ర. వివరాలు చాలవు.

ఆ ఫారం మీది తేదీ ఊళ్ళో అందరికీ గుర్తే. రేవులో పూడిక తీసేవాళ్ళ పడవ నలుగురితో మాయమైన రోజు. వెతికేవాళ్ళు ఉత్తరమంతా గాలించారు. తొమ్మిదో రోజున దక్షిణాన ఇసుక దిబ్బ మీద దొరికింది, నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. ఇద్దరు ఆరో రోజు దాకా బతికే ఉన్నారని డాక్టరు చెప్పాడు. ఆ ఫారం ఆఫీసుకి వచ్చింది మూడో రోజున.

"మొన్న ఆవిడ లేని వేళ చూసి ఆ ఇస్త్రీ గదికి వెళ్ళాను టీచర్. కిటికీ దగ్గర నించుని చెయ్యి చాచాను. సరిగ్గా ఆ దిబ్బ వైపే." వాడు చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు. "ఇంతే ఎత్తు. పిడికిలి కూడా లేదు. ఎన్ని పిడికిళ్ళు అని అడిగితే ఆవిడేం రాస్తుంది? ఖాళీగా వదిలేసింది."

 ఒక్కో వేలు ఒకటిన్నర డిగ్రీ అని పుస్తకంలో పిడికిలి లెక్క కిందే ఉంది. పరీక్షలో రాదని ముప్పై ఏళ్ళూ అది వదిలేశాను.

"మీ పై ఆఫీసరుకి చెప్పావా?"

"చెప్పాను. నివేదిక అచ్చుకెళ్ళిపోయింది, ఇప్పుడు రెండు వందల పదమూడు చేద్దామంటావా, అన్నాడు."

అంతటితో పోలేదు. ఆపదలో ఆకాశంలోకి ఎర్ర వెలుగులు వదిలే తుపాకీ పడవ మీద ఉన్నా పేల్చలేదని, తప్పంతా పడవ నడిపినవాడిదేనని విచారణలో రాసేశారు. అతని పిల్లలు బళ్ళో ఆ మాట పడుతున్నారు. పేల్చాడనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం ఈ ఒక్క కాగితమే. వెతుకులాట ఉత్తరాన జరిగింది, పైగా తుపాకీ పేల్చనే లేదన్నారు కాబట్టి, తను చూసింది ఆ వెలుగులేనని రాసినావిడకి తట్టనే లేదు. తోటివాళ్ళు "పళ్ళేలక్కా" అని ఏడిపిస్తున్నారట. ప్రతి నెలా మొదటి సోమవారం పదకొండింటికి ఆఫీసుకి ఫోను చేసి, "నేను చూసిందేమిటో తేలిందా నాయనా?" అని అడుగుతుంది. పరిశీలనలో ఉందమ్మా, అంటూ వచ్చాడు వీడు. ఇంక వివరాలు చాలలేదని చెప్పి ఫోను పెట్టెయ్యమన్నాడు ఆఫీసరు.

"అలా చెబితే తన కళ్ళని తను జన్మలో నమ్మదు. నిజం చెబితే నిద్రపోదు. నాకు నోరు పెగలదు టీచర్."

"నంబరు రాసివ్వు."

"మీరెందుకు?"

"పిడికిలి నాది కాబట్టి."

రాసిచ్చాడు. ఆవిడ ఫారానికి నకలు తీయించి ఇస్తానని కూడా అన్నాడు. ఉద్యోగం సంగతి నేను అడగలేదు, వాడూ ఎత్తలేదు. గేటు దగ్గర చెప్పులేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు.

ఇవాళ మొదటి సోమవారం. ఇప్పుడు పది దాటింది. ఆవిడ ఆఫీసుకి చెయ్యకముందే నేను చెయ్యాలి. అమ్మా, నువ్వు సరిగ్గానే చూశావు, అడగడం మాకు చేతకాలేదు, అని మొదలుపెడతాను. ఆ తరవాత ఆ పడవ నడిపినతని ఇల్లెక్కడో తెలుసా అని అడుగుతాను.