హేమ్లి ఇంటి ఆడబిడ్డ

మా ఆయన వెంకటప్పయ్యకు మర్యాద ఎక్కువ. ఆ మర్యాదతోనే నా ప్రాణం తోడేస్తాడు. హేమ్లి ఇంటికి వెళ్లిన శనివారం కూడా అంతే చేశాడు.

హేమ్లి ఎవరో ముందు చెప్పాలి. సారపాక దగ్గర లంబాడీ తండాలో పుట్టింది. కాగితం మిల్లు కడుతున్న రోజుల్లో నెత్తిన సిమెంటు తట్టలు మోసింది. తర్వాత ఆ మిల్లులోనే ఆమె మొగుడు భద్రుకు వెదురు యార్డులో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. మా పక్క క్వార్టరులో దిగారు. అద్దాల రవికా, కుచ్చుల లంగా, మోచేతులు దాటిన గాజులూ వేసుకుని వచ్చింది. కాలనీ ఆడవాళ్లు చీర కట్టుకోమని పోరితే, "మీ చీరలు ఇడువుమని నేనన్ననా? నా బట్టల జోలి మీకేంది?" అని కడిగేసింది. అప్పుడే నాకు తెగ నచ్చేసింది.

తల్లి లేనిదాన్ని నేను. నా పురుడు హేమ్లే చూసింది. పసిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ, బాలింతవై చన్నీళ్లు ముడతావా అని నన్ను తిట్టేది. మా అమ్మ బతికున్నా అన్ని తిట్లు తిట్టేది కాదేమో!

రిటైరయ్యాక వాళ్లు తండాలో ఇల్లు కట్టుకున్నారు. మేం ఢిల్లీలో అమ్మాయి దగ్గర చేరాం. రెండు వేల మూడు జనవరిలో అక్కడి చలికి కీళ్లు బిగుసుకుపోయి, ముదిగొండలో పెళ్లి వంక పెట్టుకుని ఇటు వచ్చాం. శని, ఆదివారాలు హేమ్లి దగ్గర ఉంటామని ముందే కబురు పెట్టాను. పొద్దున్నే భద్రాచలం లాడ్జిలో స్నానాలు చేసి, రాముడి దర్శనం చేసుకున్నాం. "పెట్టెలు సాయంత్రం తెస్తాలే" అన్నాడు మా ఆయన. నమ్మాను.

వాకిట్లో హేమ్లి నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. అంతే. నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ తండాకు వస్తే ఆడవాళ్లు మెడ చుట్టూ చేతులేసి రాగం తీసి ఏడుస్తారు. కలవని రోజుల మంచిచెడ్డలన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. క్వార్టరుకు హేమ్లి చెల్లెళ్లు వచ్చినప్పుడల్లా గోడ ఇవతల నిలబడి వినేదాన్ని. పరాయివాళ్ల కోసం అలా ఏడవరని తెలుసు. తెలిస్తే మాత్రం మనసు ఊరుకుంటుందా?

ఎండలో మంచాలు వేశారు. జొన్నరొట్టె, నాటుకోడి కూర తిని, స్వెట్టరు విప్పేసి హాయిగా నడుం వాల్చాను. భద్రు, మా ఆయన మిల్లు కబుర్లలో పడ్డారు. పక్కింటి రూప్లి గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది.

"ఉంటరా, పోతరా?"

"ఉండకేం జేస్తరు? మా అక్క కోసం కొత్త బొంత కుట్టిన" అంది హేమ్లి.

"పట్నపోళ్లు తండల పంటరా? పొద్దు గూకకముందే లాడ్జికి ఉరుకుతరు, సూడు."

"మా అక్క ఉరకదు."

హేమ్లి ఆ మాట తండా అంతా వినేలా అంది. తన పరువంతా నా మీద పెట్టిందని అప్పుడే అర్థమైంది.

పొద్దు వాలింది. తండా ఆడవాళ్లు నలుగురు రూప్లి గోడ దగ్గర చేరారు. సరిగ్గా అప్పుడే మా ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "ఇక బయల్దేరదామా? రూము అట్టే పెట్టాను. వీళ్లకెందుకు శ్రమ?"

హేమ్లి ముఖం చూడలేకపోయాను. ఒళ్లు మండింది. "ఏమండీ, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అని లేచానో లేదో, హేమ్లి నా మెడ చుట్టూ చేతులేసి రాగం అందుకుంది.

వాళ్ల భాష నాకు వచ్చు. నా అక్క చలిదేశంలో ముడుచుకుపోయిందే అని ఏడ్చింది. నేను కుట్టిన బొంత వదిలి ఎవరి మంచం మీద పడుకుంటావే అని ఏడ్చింది. మా ఆయన్నీ వదల్లేదు. ఇన్నేళ్లు నా రొట్టె తిన్న బావకు నా ఇంటి కప్పు చేదైందా అని రాగంలోనే దులిపేసింది.

ఆ ఏడుపుకు జవాబు చెప్పాలి. నాకు రాగం రాదు. తెలుగులోనే మొదలుపెట్టాను. నాకు పుట్టిల్లు లేదని, ఢిల్లీలో పక్కింటామె పేరైనా తెలియదని, నన్ను తిట్టేవాళ్లే లేక చచ్చిపోతున్నానని గొంతెత్తి ఏడ్చాను. ఎంత బాగుందో చెప్పలేను.

"భద్రూ, సైకిలివ్వవయ్యా, పెట్టెలు తెస్తాను" అంటోంది మా ఆయన గొంతు.

"ఎక్కు అన్నా, నేనే తొక్కుత" అన్నాడు భద్రు.

హేమ్లి చేతులు వదిలింది. కళ్లు తుడుచుకోబోతుంటే రూప్లి వాకిట్లోకి వచ్చింది. "జరుగు హేమ్లీ" అని తోసి, తను నా మెడ చుట్టూ చేతులేసింది. తండాకు ఆడబిడ్డ వస్తే ప్రతి ఇంటి ఆడదీ ఏడవాలి. మిగతావాళ్లు ఓణీలు సర్దుకుంటూ ఆమె వెనక నిలబడ్డారు.

హేమ్లి నడుం మీద చేతులు పెట్టుకుని, తల ఎగరేసి అందరికీ చెబుతోంది.

"ఒక్కొక్కలు రండ్రి. మా అక్కకు మోకాళ్ల నొప్పులు."