తోడేళ్ళు తిన్న గొర్రెలు

మాది రాచర్ల దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీలో నేనూ, స్నేహితురాలు రమా ఆడిన పాత కంప్యూటర్ ఆట ఒకటి పోయిన వేసవిలో తగ్గింపు ధరకు కనిపిస్తే ఇద్దరం కొనుక్కున్నాం. ఊళ్ళు కట్టి, గొర్రెలను పెంచే ఆట అది. ఇప్పటి కంప్యూటర్లలో నేరుగా నడవదు కాబట్టి ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పెట్టుకుని ఆడేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున ఆడుతూ రమకు ఫోన్‌లో చెప్పాను. "తోడేళ్ళు పడి గొర్రెలన్నిటినీ చంపేసినాయి రమా. ఒక్కటి కూడా మిగల్లేదు."

గంట తర్వాత నాయన రొప్పుతూ వాకిట్లోకి వచ్చాడు. వెనక కర్రలతో ఆరేడుగురు ఉన్నారు. వంటింట్లో నా మాట విన్న అమ్మ, టీకొట్టు దగ్గరున్న నాయనకు ఫోన్ చేసిందట. వాళ్ళంతా చేని దగ్గరున్న మా గొర్రెల దొడ్డికి పరుగెత్తారట.

"మనవి అన్నీ ఉండాయి పాపా. రెండుసార్లు లెక్కబెట్టినా. చచ్చినవి ఎవరివి? పాపం, వాళ్ళకు చెప్పినారా?" అన్నాడు నాయన.

కంప్యూటర్ చూపించాను. వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వాడు. నాయన నవ్వలేదు, తిట్టనూ లేదు. "ఆటనా" అంటూ అరుగు మీద కూలబడ్డాడు.

అప్పుడు చూశాను, ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. అరికాలిలో తుమ్మముల్లు విరిగి ఉంది. పిన్నీసుతో తీస్తుంటే ముల్లు రెండుసార్లు జారిపోయింది.

"నిదానంగా తియ్యి, నొప్పేం లేదులే" అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు.

నేను తేలిగ్గా అనేసిన ఆ మాట మా ఇంట్లో ఎంత బరువైందో అప్పుడు తెలిసింది. ఆట ఇప్పటికీ ఆడుతున్నాను. గొర్రెలు చచ్చిపోతే మాత్రం రమకు మెసేజ్ పెడతాను.