మామిడికాయ ముట్టని స్టాపర్ బ్యాక్

అది 2005 ఏప్రిల్. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో బస్సు దిగి, అడవిలోకి రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను కాంట్రాక్టు ఫుట్‌బాల్ కోచ్‌ని. కాంట్రాక్టు అంటే ఏడాదికోసారి సంతకం. పైవాళ్లకు నచ్చకపోతే వచ్చే ఏడాది విజిల్ ఇంకొకరి మెడలో ఉంటుంది. మాది నేలకొండపల్లి. చదువు అబ్బక బంతి వెంట పడ్డవాడిని. చివరికి ఆ బంతే అన్నం పెట్టింది.

ఆ వేసవిలో రాష్ట్రస్థాయి పోటీల కోసం మా స్కూల్లో ఇరవై రోజుల క్యాంపు పెట్టారు. పదహారు మందిని నేను ఎంపిక చేయాలి. పోటీల్లో బాగా ఆడినవాళ్లకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. అక్కడ ఇంటర్ దాకా చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్లే చూసుకుంటారు. పదో తరగతితో చదువు ఆపేసి మిరప తోటల్లో కూలికి పోవాల్సిన పిల్లలకు ఆ సీటు ఎంతటిదో నేను చెప్పక్కర్లేదు.

ఆ సీటు ఈ పిల్లకు రాకపోతే ఎవరికీ రాదని నేను అనుకున్న పిల్ల ముత్తమ్మ. కోయ పిల్ల, తొమ్మిదో తరగతి. స్టాపర్ బ్యాక్ ఆడేది. అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలబడి ఎదుటివాళ్లను ఆపే చివరి మనిషి. మా ఆటలో కవర్ అని ఒకటుంది. మనవాళ్లలో ఒకరు బంతి కోసం ముందుకు పోతే ఇంకొకరు రెండడుగులు వెనక నిలబడాలి. ముందు పోయినవాళ్లు తప్పితే వెనక ఉన్నవాళ్లు ఆదుకుంటారు. ఇది నేర్పేసరికి కోచ్‌కు తల ప్రాణం తోకకొస్తుంది, ఎందుకంటే పిల్లలందరికీ బంతే కావాలి. ముత్తమ్మకు మాత్రం నేర్పాల్సిన పనే పడలేదు. గోల్‌కీపర్ దేవిది కూడా ఆమె ఊరే. దేవికి ఆత్రం ఎక్కువ, గోల్ వదిలి బయటికి ఉరికేది. ఉరికిన ప్రతిసారీ ఖాళీ గోల్ ముందు ముత్తమ్మ ఉండేది.

క్యాంపు మొదలైన వారానికి ఆ ముత్తమ్మే నీరసపడింది. పరుగులో వెనకబడుతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి. వంటమనిషి రాములమ్మను అడిగాను.

"ఆ పిల్ల సక్కగ తింటలేదు సారూ. పొద్దుగాల ఉప్మా తింటది. రెండు పూటలు ఒట్టి అన్నంల ఉప్పేసుకొని నాలుగు ముద్దలు తిని లేస్తది. పప్పేస్తే వద్దంటది" అంది.

అప్పట్లో మా మెస్‌లో రెండు పూటలా మామిడికాయ పప్పే. స్కూలు వెనక చెట్లకు కాయలు విరగకాశాయి. కూరగాయల బండి వారానికోసారి వస్తే గొప్ప.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరి ముందూ నిలదీశాను.

"ఏంది ముత్తమ్మా, పప్పెందుకు తింటలేవు? కడుపు నొప్పా?"

"కాదు సారు."

"మరి? రోజూ కోడికూర వండిపెట్టాల్నా నీకు?"

పిల్లలందరూ నవ్వారు. దేవి ఒక్కతే నవ్వలేదు. చూశాను గానీ పట్టించుకోలేదు.

"తిండికి వంకలు పెట్టేటోళ్లు నా టీమ్‌ల వద్దు" అన్నాను. ముత్తమ్మ తల వంచుకుని కంచం కడుక్కోవడానికి పోయింది.

నాలుగు రోజులు చూశాను, మారలేదు. నాలుగో రోజు ప్రాక్టీస్ మ్యాచ్ మధ్యలో కళ్లు తిరిగి పడింది. దవాఖానాలో గ్లూకోజ్ ఎక్కించి పంపారు. ఆ సాయంత్రమే లిస్టు రాసి ఖమ్మంలోని క్రీడల ఆఫీసుకు పంపించాను. ముత్తమ్మ పేరు ఎదురుగా, రిమార్క్స్ గడిలో "క్రమశిక్షణ లేదు, తొలగించాను" అని రాశాను. ఆ గడిలో పడ్డ మాట పిల్లల వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఇక హాస్టల్ సీటు మాట మరిచిపోవాల్సిందే. అది తెలిసే రాశాను, అంత కోపం. ఆమె చోట ఇంకొకరి పేరు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. పదిహేను పేర్లే పోయాయి. వచ్చి తీసుకుపొమ్మని ఇంటికి కబురు చేశాను.

మర్నాడు తల్లి వచ్చింది. తెల్లారకముందే బయల్దేరి, అడవిదారిన పదిహేను కిలోమీటర్లు నడిచి వచ్చింది. నన్ను పలకరించకముందే బిడ్డను నీడన కూర్చోబెట్టి, మూట విప్పి స్టీలు డబ్బా మూత తీసింది. అన్నం, ఎండుచేపల కూర. ముత్తమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవురావురుమని తిన్నది. ఒక్క మెతుకు మిగల్చలేదు, చివరికి వేళ్లు కూడా నాకింది. వరండాలో నిలబడి చూస్తున్నాను. వంకలు పెట్టే పిల్ల అలా తినదు.

దగ్గరికి పోయాను. "ఇక్కడెందుకు తింటలేదమ్మా మీ బిడ్డ?"

"ఏం పెడ్తున్నరు సారు?"

"మామిడికాయ పప్పు."

ఆమె నన్ను వింతగా చూసింది. "మా ఊర్ల ఇంక మామిడి పండుగ కాలే గద సారు. ముందుగాల దేవతకు పెట్టాలె, అటెన్క మేం తినాలె. అప్పటిదాక పిందె గూడ నోట్ల పెట్టం."

"మిగతా కోయ పిల్లలు తింటున్నరు గదా?"

"వాళ్ల ఊర్లల్ల అయ్యుంటది. ఊరూరికి వేరే సారు. మా ఊర్ల పూజారి సచ్చిపోయిండు, గందుకే వెనకపడ్డది."

ఐదేళ్లుగా ఆ పిల్లల మధ్యే ఉంటున్నాను. ఎవరు ఏ కాలితో బాగా తంతారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఈ సంగతి మాత్రం తెలియదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ల గురించి నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను.

తల్లి డబ్బా కడగడానికి బోరింగు దగ్గరికి పోయింది. "ఈ ముక్క నాకు చెప్తే అయిపోతుండె గద బిడ్డా" అన్నాను. ముత్తమ్మ తల్లి పోయిన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"దేవి తింటున్నది సారు. దానికి ఆకలి ఆగది. నేను చెప్తే దాని ముచ్చట బయటపడ్తది, ఊర్ల తిడ్తరు. మా అమ్మకు గూడ చెప్పకున్రి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు, వచ్చింది. ఆ పిల్ల పదకొండు రోజులుగా ఆకలితో, నా తిట్లతో, టీమ్‌లో చోటు పోగొట్టుకుని కూడా దేవి వెనక నిలబడే ఉంది.

ఆ రోజే ఖమ్మం బస్సెక్కాను. "ఆరోగ్యం కుదుటపడింది, మళ్లీ తీసుకోగలరు" అని ఒక లెటర్ రాసి జేబులో పెట్టుకున్నాను. అదైతే నాకూ ఇబ్బంది లేదు. కానీ రిమార్క్ అలాగే ఉండిపోతుంది. ఏన్కూరులో బస్సు ఆగినప్పుడు టీ తాగుతూ ఆ లెటర్ చించేసి ఇంకోటి రాశాను: "ఆటగత్తె తప్పు లేదు. వారి ఆచారం తెలుసుకోకుండా నేను తప్పుడు రిమార్క్ రాశాను."

ఆఫీసర్ రెండుసార్లు చదివాడు. "ఇది నీ ఫైల్ల పడ్తది. రెన్యువల్‌కు అడుగుతరు. ఆలోచించినవా?"

"పడనీయండి సార్."

ఆయన రిమార్క్ కొట్టేసి, పదహారో పేరు రాసుకున్నాడు.

తిరిగొచ్చి రాములమ్మతో చెప్పాను, "నాకు మామిడికాయ పడ్తలేదు, వేడి చేస్తున్నది. క్యాంపు అయ్యేదాక వండకు."

"మీరు మెస్‌ల తినరు గద సారూ!"

"ఇయ్యాల్టి సంది తింటా."

సొరకాయలు, వంకాయలు భద్రాచలం నుంచి నేనే సైకిల్ మీద మోసుకొచ్చాను. దేవి రెండు పూటలూ నా పక్కనే కూర్చుని తిన్నది, తలెత్తకుండా.

పోటీల్లో సెమీఫైనల్లో ఓడిపోయాం. ముత్తమ్మకు హాస్టల్ సీటు వచ్చింది. నా రెన్యువల్ రెండు నెలలు ఆలస్యమై, నాలుగు అక్షింతలతో వచ్చింది.

అప్పటినుంచి ప్రతి క్యాంపు మొదటి రోజు, బంతి ముట్టకముందే, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మీ ఊళ్లో ఏ పండుగ కాలేదో, ఏం తినకూడదో అడిగేవాడిని. అందరి ముందు కాదు. ఒక పిల్ల నోరు విప్పకపోతే ఆ మౌనం వెనక ఇంకో పిల్ల ఉండొచ్చని ముత్తమ్మే నాకు నేర్పింది. ఇది రాస్తానని దేవిని అడిగితే "రాయిన్రి సారు, ఇద్దరు పిల్లల తల్లిని, ఇప్పుడు నన్నెవలు తిడ్తరు" అని నవ్వింది.

ముత్తమ్మ ఇప్పుడు ఒక స్కూల్లో వ్యాయామ టీచర్. నేను రిటైరై నేలకొండపల్లిలో ఉంటున్నాను. ఎండలు ముదిరేసరికి మా ఇంట్లో మామిడికాయలు దిగుతాయి, నేను ముట్టను. "మీది ఈ ఊరా, ఆ గూడెమా?" అని మా ఆవిడ ఏటా దెప్పుతూనే ఉంటుంది. అలా దెప్పుతూనే ఒక కాయ విడిగా తీసి పెడుతుంది. ఏదో ఒక రోజు ముత్తమ్మ ఫోన్ చేస్తుంది.

"సారు, నిన్న మా ఊర్ల పండుగ అయింది. ఇగ మీరు తినున్రి."