మా ఇంట్లో లేని గొడ్డలి

తెలంగాణ వచ్చిన కొత్తలో మా నాయిన తాగుడు మానేశాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద పండుగ లేదు. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు ఆయన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నాడు. "తాగి మగ్గం కాడ పడి ఉంటుంటి, దేవుడు లేపిండు" అని నాయిన ఏడ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! సాక్ష్యం చెప్పమని ఊరూరా ప్రార్థన కూడికలకు పిలుపులొచ్చాయి. మగ్గం దగ్గర పడినవాడు షాద్‌నగర్ చేరేసరికి, ఆయన మాటల్లోనే, మోరీలో పడ్డాడు. ఆలేరులో ఏకంగా గొడ్డలి పట్టుకొని అమ్మ వెంటపడ్డాడు. ఇక చప్పట్లే చప్పట్లు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా గొడ్డలి తప్పలేదు.

చర్చిలో ఆడవాళ్లు అమ్మ మెడ మీద గాటు ఉందేమోనని వెతికేవారు. అందరికంటే ముందు పాట ఎత్తుకునే మనిషి, ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండిపోయేది. కల్లు మాని చప్పట్లు పట్టాడు, ఏం తేడా?

కేతేపల్లిలో పెద్ద కూడిక ఉన్న రోజు పొద్దున నాయిన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న అమ్మ తలెత్తింది.

"మన ఇంట్ల గొడ్డలెక్కడిదయ్యా? నేసేటోళ్లం, కత్తెర తప్ప ఏమున్నది? తాగినా ఏనాడూ నా మీద చెయ్యెత్తనోడివి. తేనె దొరికితే సరిపడ తినుమన్నది బైబిల్ వాక్యం. నువ్వు కుండెత్తి తాగుతున్నవ్. నీ మెప్పు కోసం నా ఇజ్జత్ తీస్తున్నవ్. ఇయ్యాల నేనూ వస్త. గొడ్డలి మాట వచ్చిందో, అందరి ముందట లేచి అబద్ధమని చెప్త!"

 ముగ్గురం కేతేపల్లి బస్సెక్కాం.

కూడికలో మైకు ఆయన చేతికిచ్చారు.  అమ్మ లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుకు జరిగింది. నాయిన ఆమె వైపు చూశాడు.

"తాగుతుంటి. మానిన. నా పెండ్లాం ఓర్చుకున్నది. దేవునికి స్తోత్రం."

అంతే, దిగిపోయాడు. గొడ్డలి కోసం ఎదురుచూస్తున్న జనం చప్పట్లు కూడా సరిగా కొట్టలేదు. పాస్టరు బిత్తరపోయి చూస్తుంటే, అమ్మే పాట ఎత్తుకుంది. ఎన్ని నెలలకు విన్నాను ఆ గొంతు! హమ్మయ్య అనుకుంటూనే ఏడ్చేశాను.

తిరుగు బస్సులో నాయిన మెల్లగా అడిగాడు.

"ఎట్ల చెప్పిన? మంచిగనే చెప్పిన్నా?"

"అగో, మల్ల మెప్పే కావాల్నా?" అంది అమ్మ. నవ్వాపుకుంటూ జరిగి, కిటికీ పక్క జాగా ఆయనకిచ్చింది.